భట్టిప్రోలు దగ్గర ఆగింది

వేమూరు సెంటర్లో అజయ్ బాబు కరెంటు స్కేట్‌బోర్డు ఆగిపోయింది.

తెనాలిలో బయల్దేరి పట్టుమని పదిహేను కిలోమీటర్లన్నా రాలేదు.

బోర్డు చంకలో పెట్టుకుని బస్సు కోసం నిలబడ్డవాణ్ణి, బాపట్ల కాలేజీలో తోటివాడు వినోద్ కుమార్ వీడియో తీసి క్లాసందరికీ పంపాడు. కింద ఒక మాట కూడా రాశాడు.

"వీళ్ళ నాన్న అమ్మిన కరెంటు స్కూటర్లే తగలబడతాయి. వీడి బోర్డు నయం, ఆగి ఊరుకుంది."

అజయ్‌కి ఒళ్ళంతా కారం రాసినట్టు మండింది. తగలబడింది ఒకే ఒక్క స్కూటరు, అదీ రెండేళ్ళ క్రితం, రేపల్లెలో. వాడినవాళ్ళదే తప్పని నాన్న రమేష్ బాబు తేల్చేశాడు. కేసూ మూసేశారు.

వినోద్ నోరు మూయించాలి, అంతే. తెనాలి నుంచి రేపల్లె దాకా ఒక్క ఛార్జింగ్‌తో వెళ్ళి చూపిస్తానని పందెం కాశాడు.

నాన్న గోడౌన్లో పాత స్కూటర్ బ్యాటరీలు విప్పి, లోపలి సెల్స్ సంచీలో పోసుకున్నాడు. రేపల్లెలో రూతు అనే ఆవిడ ఇంట్లోనే బ్యాటరీ ప్యాకులు కడుతుందంటే అక్కడికి వెళ్ళాడు.

ఆవిడ ఒక్కో సెల్‌కీ మీటరు పెట్టి చూసి, సగానికి సగం పనికిరావంది. అజయ్ వింటేగా! అన్నీ కలిపి కట్టాల్సిందేనన్నాడు. వేడెక్కితే కరెంటు ఆపేసే సర్క్యూట్ మాత్రం వద్దన్నాడు. అది ఉంటే దారిలోనే ఆగిపోతుందని వాడి భయం.

"ఎవరబ్బాయివి బాబూ?" అంది ఆవిడ. మన వైపు ఎవరైనా అడిగేదే.

"రమేష్ బాబు గారబ్బాయినండి. తెనాలిలో స్కూటర్ల షోరూం మాదే."

ఆవిడ చేతిలో పని కాసేపు ఆగింది. నాన్న పేరు విని జంకిందనుకున్నాడు వాడు.

"రేపు సాయంత్రం రా" అంది.

పందెం రోజు వినోద్ బైకు మీద వీడియో తీస్తూ వెనకే వచ్చాడు. వేమూరు దాటగానే అజయ్ వెనక్కి తిరిగి కాలరెగరేశాడు. ఇంకో పది కిలోమీటర్లుందనగా, భట్టిప్రోలు దగ్గర బోర్డు టక్కున ఆగింది.

వినోద్ నవ్వుతూ బైకు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, అజయ్ మర్నాడే రేపల్లె వెళ్ళి రూతు బల్ల తిరగేశాడు. సెల్స్ అతికే మిషన్ పట్టుకెళ్ళి కాలవలో పడేశాడు. వీధంతా చూస్తూనే ఉంది. వాడికి మాత్రం కడుపు చల్లబడింది.

"సర్క్యూట్ పెట్టావు కదూ? కావాలనే చేశావు."

"అవును బాబూ, కావాలనే చేశాను. విప్పి చూడు."

ఒప్పుకుంది కదా, ఇంకేం! విప్పలేదు, చూడలేదు. నాన్న చేత, గది అద్దెకిచ్చిన ఇంటావిడకి ఫోన్ చేయించి రూతుని ఖాళీ చేయించాడు.

వారం తర్వాత బాపట్లలో మెకానిక్ యాకోబు, బాగుచేయమని అజయ్ ఇచ్చిన ఆ ప్యాక్ విప్పాడు. నాలుగు సెల్స్ ఉబ్బిపోయి నల్లగా ఉన్నాయి. పక్కనే, వాడు వద్దన్న సర్క్యూట్.

"దీన్ని కట్టినవాళ్ళకి దణ్ణం పెట్టు" అన్నాడు యాకోబు. "ఇది ఆపకపోయుంటే నీ కాళ్ళ కింద పేలేది."

అజయ్ అప్పటికప్పుడు రేపల్లె బస్సెక్కాడు. గదికి తాళం వేసి ఉంది. ఇంటావిడ సుబ్బరత్నమ్మ వాణ్ణి చూసి మొహం తిప్పుకుంది. కొత్త మిషన్ కొనిస్తానని, క్షమించమని కాళ్ళు పట్టుకుంటానని, ఎక్కడుందో చెప్పమని బతిమాలాడు.

"నాకు చెప్పి వెళ్ళలేదు నాయనా. ఆమె ఈ పని పొట్ట కోసం నేర్చుకోలేదు. తప్పెవరిదో తెలుసుకోవాలని నేర్చుకుంది."

"ఏం తప్పండి?"

సుబ్బరత్నమ్మ మొదటిసారి వాడి మొహంలోకి చూసింది.

"మీ షోరూం స్కూటరుతో పాటు కాలిపోయిన జ్యోత్స్న, ఆమె ఒక్కగానొక్క కూతురు."