తన్ని చూసి కొన్న తలుపు

మొదటి తన్నుకే తలుపు ఫెళ్లున విడిపోయింది. తాళం పట్టి ఉన్న చెక్క ముక్క ఊడి దుకాణం వెనక షెడ్డులో పడింది.

“ఇదా నీ గట్టి తలుపు?” బూటు దులుపుకుంటూ నవ్వాడు తన్నినవాడు. “అట్టపెట్టె నయం కదయ్యా మేస్త్రీ!”

తలుపుల మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. కొనేవాళ్లు చూసుకోవడానికని దుకాణానికీ వెనక షెడ్డుకీ మధ్య గోడకి మూడు రకాల తలుపులు బిగించి పెట్టాడు. వచ్చినవాళ్లు చేత్తో తట్టి చూస్తారు, గడియ వేసి తీస్తారు. ఇలా బూటుకాలితో తన్ని చూసినవాడు ఇంతవరకూ లేడు. పైగా తన్నమన్నది ఎవరనుకున్నారు? పక్కనే ఉన్న వాడి పెళ్లాం.

“ఏమ్మా, సరుకంటే ఆటగా ఉందా?” అన్నాడు ఆమెతో.

“విరిగినదాని ఖరీదు కూడా నేనే ఇస్తానన్నయ్యా,” అందామె. “దొంగ తన్నినా ఆగే తలుపు కావాలి నాకు. మీ మాట నమ్మి కొన్నాక అది ఆగకపోతే నేనెవరితో చెప్పుకోను? ఈయన తన్నినప్పుడు ఆగిందంటే ఇంకెవడు తన్నినా ఆగుతుంది.”

“దీనికి పిరికితనం ఎక్కువలే,” అన్నాడు మొగుడు, ఆమె అక్కడ లేనట్టే. “పక్క వీధిలో ఎవరింటి తలుపో పగలగొట్టారట. అప్పట్నించీ తలుపు, తలుపు అని నా ప్రాణం తోడేస్తోంది. నేనుండగా దొంగ వస్తాడా? వస్తే కాళ్లు విరగ్గొట్టి చేతిలో పెట్టనూ!”

అని గొంతు సవరించుకుని, అప్పుడే ఊడ్చిన నేల మీద ఉమ్మాడు. బల్ల మీదున్న మేస్త్రి తువ్వాలు తీసుకుని దాంతోనే బూటు తుడుచుకున్నాడు. మేస్త్రి రోజూ మొహం తుడుచుకునే తువ్వాలది.

రెండోది ముందువైపు ఇనుప రేకు తొడిగిన తలుపు.

“ఏమండీ, దీని పని కూడా పట్టండి,” అంది భార్య.

వాడు చొక్కా చేతులు పైకి మడిచాడు. మూడు తన్నులకి రేకు సొట్ట పడిందే గానీ చిరగలేదు. కానీ బందుల దగ్గర పొట్టి స్క్రూలు లేచొచ్చి, తలుపు మొత్తం షెడ్డులోకి ఒరిగిపోయింది.

“మీ కాలా మజాకా!” అందామె. వాడి మొహం చేటంత అయింది.

ఛీ, గంతకు తగ్గ బొంత అనుకున్నాడు మేస్త్రి. మొగుడూ పెళ్లాల బేరాలు ఆయనకి కొత్త కాదు. ఒకరు ఔనంటే ఒకరు కాదంటారు, ఇక్కడే పోట్లాడుకుని ఇక్కడే రాజీపడతారు. అదంతా బాగానే ఉంటుంది. ఎదుటివాడి కష్టాన్ని మొగుడి బూటు కింద పెట్టించి మురిసిపోయే మనిషిని మాత్రం ఇప్పుడే చూడటం.

“ఆ మూడోదాంట్లో ఏముంది?” అని అడిగిందామె.

“చెక్క అదే. బలమంతా ద్వారబంధంలో ఉంది,” అన్నాడు మేస్త్రి విసుగ్గా. “గడియ దిగే చోట ఇనుప పట్టీ వేశాను. దాన్నీ బందుల్నీ పట్టుకున్న స్క్రూలు వేలెడేసి పొడుగు, ద్వారబంధం దాటి గోడలోకి దిగుతాయి. తన్నితే ఆ దెబ్బ గోడకి పోతుంది. ఖరీదు మాత్రం ఎక్కువ. పిండి కొద్దీ రొట్టె.”

ఆమె ఆ తలుపు తెరిచి అవతలికి వెళ్లింది. “నేను లోపల్నించి గడియ వేస్తాను, మీరు తన్నండి.”

గడియ పడిన చప్పుడైంది. తన పట్టీ పరువు ఏమవుతుందో చూద్దామని మేస్త్రి కూడా, ఒరిగిపోయిన తలుపు సందులోంచి షెడ్డులోకి వెళ్లాడు.

ఒక తన్ను పడింది. తలుపు అదిరింది, అంతే. ఇంకోటి పడింది. తర్వాత భుజంతో గుద్దాడు. ఆమె ద్వారబంధానికి అరచెయ్యి ఆనించి నిలబడింది.

“ఇలా కాదండీ,” అని గట్టిగా అరిచింది. “మొహమాటానికి తంతున్నారు. కోపం వస్తే ఎలా తంతారో అలా తన్నండి.”

“ఉత్తినే కోపం ఎలా వస్తుందే?”

“ఎవరిని తలుచుకుంటే మీకు కాలు లేస్తుందో వాళ్లని తలుచుకోండి.”

అవతల బూట్లు నాలుగడుగులు వెనక్కి వేసిన చప్పుడైంది. ఆ తర్వాత మొదలైంది. తన్నుకో బూతు, బూతుకో తన్ను. అరలో తాళాల డబ్బాలు గలగల్లాడాయి. ఆ మాటలకి మేస్త్రికే చెవులు మూసుకోవాలనిపించింది. ఆమె మాత్రం కళ్లార్పకుండా గడియ వంకే చూస్తోంది. ఇదేం సరదా, వీళ్లేం మనుషులు! రెట్టింపు డబ్బిచ్చినా వీళ్లకి తలుపు అమ్మకూడదనుకున్నాడు. అంత రోత పుట్టింది.

ఆఖరికి “అబ్బా!” అని కేక వినిపించింది.

“చాలు, ఇదే తీసుకుని ఏడు! నా మడమ విరిగేట్టుంది,” అంటూ మొగుడు కుంటుకుంటూ బయటికి పోయి, బండి మీద కూర్చుని సిగరెట్ వెలిగించాడు.

ఆమె గడియ తీసింది. అది ఏ మాత్రం బిగుసుకోకుండా వచ్చింది. ఒకటికి రెండుసార్లు వేసి తీసి చూసుకుంది.

“తృప్తిగా ఉందా తల్లీ?” పుల్ల విరిచినట్టు అడిగాడు మేస్త్రి. “ఇల్లెక్కడో చెప్తే సాయంత్రం వచ్చి కొలతలు తీసుకుంటా. మీ ఆయనుంటారా ఇంట్లో?”

ఆమె బండి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఇంటికి కాదన్నయ్యా, వేరే వీధిలో గది అద్దెకి తీసుకున్నాను. రేపు ఆయన మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి తన్నేసరికి, నేనూ పాపా ఈ తలుపు వెనక ఉండాలి.”