సారీ కార్డు

“పావుగంట ఆలస్యం. బస్సు రాలేదని మాత్రం చెప్పకండి. విని విని చెవులు తూట్లు పడ్డాయి,” అన్నాడు విల్ఫ్రెడ్ బూత్, తలెత్తకుండానే.

ఎనిడ్ పార్కిన్ తడిసిన గొడుగును మూలన పెట్టింది. “బస్సే రాలేదు, మిస్టర్ బూత్. కావాలంటే డ్రైవర్ని పిలిచి తిట్టుకోండి.”

“కారున్నన్నాళ్ళూ నాకంటే ముందే వచ్చి కూర్చునేవారు.”

“మోకాళ్ళ నొప్పులతో నడపలేక అమ్మేశాను. ఎన్నిసార్లు చెప్పాలి?”

“లిఫ్టు చెడిపోయి వారమైంది. మూడంతస్తులూ ఎక్కొచ్చారు, ఆయాసమైనా లేదు. భలే మోకాళ్ళు!”

ఆమె కుర్చీని బర్రున లాక్కుని కూర్చుంది.

హాలిఫాక్స్‌లోని ఆ పాత మేడలో పందొమ్మిదేళ్ళుగా ఇద్దరూ ఎదురెదురు బల్లల దగ్గర కూర్చుని బడిపిల్లల కోసం ఇంగ్లీషు నిఘంటువు తయారు చేస్తున్నారు. ఒక్కో మాటకు ఒక్కో కార్డు. దాని మీద అర్థాలు, పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు. ఇద్దరి సంతకాలూ పడితేనే కార్డు అచ్చుకు వెళుతుంది. ఇన్నేళ్ళలో పోట్లాట లేకుండా సంతకాలు పడిన కార్డులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇవాళ నాలుగింటికి ప్రెస్సు మనిషి వస్తాడు. మిగిలింది ఒక్కటే కార్డు, ‘సారీ’.

పాత ముద్రణలో ఆ మాటకు మూడు అర్థాలున్నాయి. ఒకటి, చేసిన తప్పుకు పశ్చాత్తాపం. రెండు, ఎదుటివారి కష్టానికి విచారం. మూడు, చూడ్డానికి దిక్కుమాలినది. ఎనిడ్ కొత్త కార్డు రాసి, రెండోదాన్ని తెచ్చి అన్నిటికన్నా పైన పెట్టింది.

“ఒకటోది ఉన్నచోటే ఉంటుంది,” అన్నాడు విల్ఫ్రెడ్. “మీ కొత్త కార్డు మీద చచ్చినా సంతకం పెట్టను.”

“ఆ మాట పుట్టిందే ‘సోర్’ నుంచి. పుండు, నొప్పి. తప్పనేది తర్వాతెప్పుడో వచ్చి అతుక్కుంది. ఇన్నేళ్ళుగా ఇదే పనిలో ఉన్నారు, ఆమాత్రం తెలీదూ?”

“తెలుసు. మీ నెత్తి మీది టోపీ మూడో అర్థంలో సారీ అని కూడా తెలుసు.”

“దాని కింద మీ మొహం లేదు, అంతవరకు నయం.”

అప్పుడే మేవిస్ టీ బండి తోసుకుంటూ వచ్చింది. బండి చక్రం సరిగ్గా విల్ఫ్రెడ్ కాలి మీదుగా వెళ్ళింది.

“సారీ!” అంది మేవిస్.

“సారీ,” అన్నాడు విల్ఫ్రెడ్, కాలు పట్టుకుని.

ఇంగ్లీషువాళ్ళ దేశంలో అంతే. తొక్కినవాళ్ళూ చెబుతారు, తొక్కించుకున్నవాళ్ళూ చెబుతారు.

“చూశారా!” ఎనిడ్ పట్టుకుంది. “మీరేం తప్పు చేశారని చెప్పారు? మీ ఒకటో అర్థమే మొదట కూర్చుంటే, సారీ అన్న ప్రతి మనిషీ బోనెక్కాల్సిందే.”

“ఎక్కాల్సినవాళ్ళు ఎక్కాలి.”

“మీలో ఒకరు జైలుకెళ్ళేదాకా ఈ గొడవ ఆగదు,” అంటూ మేవిస్ రెండు కప్పులూ పెట్టేసి, బిస్కెట్లు కూడా ఇవ్వకుండా బండి తిప్పుకుపోయింది.

విల్ఫ్రెడ్ కొత్త కార్డును వేలితో పొడిచాడు. “వ్యతిరేకపదం దగ్గర ‘సంతోషం’ అని రాశారు. అదీ తప్పే. సారీకి వ్యతిరేకం ఏంటో తెలుసా? ఆగకుండా వెళ్ళిపోవడం.”

“నిఘంటువులో అలా రాయరు.”

“నా నిఘంటువులో రాస్తాను!” అన్నాడు విల్ఫ్రెడ్. “ఫిబ్రవరిలో మిల్లు రోడ్డు మలుపులో మా డోరీన్‌ని గుద్దినవాడు బ్రేకైనా వెయ్యలేదు. దిగి చూసుంటే బతికేదన్నాడు డాక్టరు. నాలుగు నెలలుగా రోజూ భోజనం వేళ రోడ్డవతల ఉన్న పోలీసు స్టేషనుకెళ్ళి అడుగుతున్నాను. ఇప్పుడు నన్ను చూస్తే వాళ్ళు తలుపు చాటుకెళుతున్నారు.”

ఎనిడ్ టీలో చెంచా తిప్పుతూనే ఉంది. చక్కెర ఇంకా వెయ్యలేదు.

“సమాధి దగ్గర రెండొందల మంది వరసగా వచ్చి నా చెయ్యి పట్టుకుని సారీ అన్నారు. అందరిదీ రెండో అర్థమే. మీదీ అదేగా?”

“అందరూ అన్నదే నేనూ అన్నాను.”

“నాకు ఒకటోది కావాలి. ఒక్కడి నోటి నుంచి. వాడొచ్చి ఆ మాట చెప్పేదాకా ఈ కార్డు మీద అది కిందికి దిగదు. ఉద్యోగం పోయినా సరే.”

“చెబితే మీ ఆవిడ తిరిగొస్తుందా?” కటువుగా అడిగింది ఎనిడ్.

“రాదు. నాకు నిద్రొస్తుంది.”

టీలు చల్లారిపోయాయి. మూడున్నరకు ఎనిడ్ తన కొత్త కార్డు తీసి నాలుగు ముక్కలుగా చింపింది. పాత కార్డు ముందుకు లాక్కుని, అడుగున సంతకం పెట్టి, అతని బల్ల మీదికి తోసింది.

విల్ఫ్రెడ్ అనుమానంగా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. గెలిచిన సంతోషం కూడా కలగలేదు.

“ఇదేం వింత? ఒంట్లో బాగాలేదా?”

ఆమె కోటు వేసుకుంది. ఆ దిక్కుమాలిన టోపీ సర్దుకుంది. గొడుగు మాత్రం మూలనే వదిలేసింది.

“ఇప్పుడెక్కడికి? మీ బస్సు ఐదింటికి కదా,” అన్నాడు.

“ఇవాళ బస్సు అక్కర్లేదు. రోడ్డు దాటితే చాలు.”

తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఇంటిపేరు వదిలి అతన్ని పేరుతో పిలిచింది.

“ఆ రోజు నేను చెప్పింది ఒకటోది, విల్ఫ్రెడ్.”