గాలిమర సలహాదారు

“తోలితే నా మీద నుంచే తోలు. లేకుంటే వెనక్కి తిప్పుకో” అంది లక్ష్మీదేవమ్మ.

ఆమె గుట్ట మీదికి పోయే మట్టిదారికి అడ్డంగా పడుకొని, ఆకాశం వైపు చూస్తూనే లారీ డ్రైవరుతో మాట్లాడుతోంది. లారీ మీద గాలిమర రెక్క ఉంది. లారీ వెనక జీపులో నందిని ఉంది.

నందినిది విజయవాడ. గాలిమరల కంపెనీలో ఉద్యోగం. ఊళ్లవాళ్లను ఒప్పించి పని సాగేలా చూడటం ఆమె బాధ్యత. 1999లో కదిరి దగ్గరి గుట్టకిందపల్లికి వచ్చేదాకా అది తేలికైన పనే అనుకుంది.

జీపు దిగి లక్ష్మీదేవమ్మ పక్కన గొంతుకూర్చుంది.

“మీకొచ్చిన కష్టమేంటమ్మా?”

“మీ ఫ్యాన్లు మోడాల్ని తరిమేస్తాండాయి. అవతలి గుట్ట మీద పెట్టినప్పటి నుంచి వాన లేదు. చెనిక్కాయ ఏస్తే ఇత్తనం గూడా తిరిగి రాలేదు.”

“అంతకు ముందు మేఘాలు బాగా వచ్చేవా?”

“లేదు.”

“మరి?”

“అప్పుడు కారణం తెలీలేదు.”

నందిని లేచి డ్రైవరుకు చెయ్యి ఊపింది. లారీ వెనక్కి తిరిగింది.

సంగతి ఫోనులో విన్న బెంగళూరు ఆఫీసు మేనేజరు కంగారుపడలేదు. సలహాదార్లను పంపుతున్నానన్నాడు. వానాకాలం గాలులు మొదలయ్యేలోపు రెక్కలు గుట్టెక్కకపోతే ప్రాజెక్టు కర్ణాటకకు పోతుందనీ, అక్కడ నందిని చేయడానికి పనేమీ ఉండదనీ కూడా చెప్పాడు.

సలహాదార్లు వచ్చారు. బడి వరండాలో నందిని ఒక్కొక్కరినీ ఊరివాళ్లకు పరిచయం చేసింది. ఒకాయన జర్మనీలో చదివిన ఇంజనీరు. ఇంకొకాయన సర్వీసంతా బొగ్గు కరెంటు తయారుచేసి, రిటైరయ్యాక బొగ్గుకు వ్యతిరేకంగా ఉపన్యాసాలిస్తున్న పెద్దమనిషి. మూడో ఆయన పర్యావరణం చెప్పే ప్రొఫెసరు. మేఘాలు రెక్కలకు అందనంత ఎత్తులో ఉంటాయని ప్రొఫెసరు బొమ్మ గీసి మరీ వివరించాడు.

“అంత ఎత్తుకు పోయి చూసినావా సామీ?” అని అడిగాడు బయ్యన్న. ఊళ్లో ఆయన మాటకు విలువ ఉంది.

ప్రొఫెసరు నిజాయితీపరుడు. లేదన్నాడు. సభ ముగిసింది.

అందరూ వెళ్లిపోయాక, వెనక వరసలో కూర్చున్న ముసలాయన జీపు దగ్గరికి వచ్చాడు. పేరు రామాంజులు. అన్న చనిపోతే ఆయన గొర్రెల మందను చూసుకోవడానికి ఏళ్ల తర్వాత ఊరికి తిరిగొచ్చిన మనిషి. పంచె నిండా పల్లేరుకాయలు.

“మేడమ్, ఒక మాట నేను చెప్పి చూసేదా?”

పోయేదేముందనుకుంది నందిని. చెప్పమంది.

మరుసటి రోజు అదే వరండాలో రామాంజులు నిలబడ్డాడు.

“బయ్యన్నా, ఫ్యానుకు ముందర కూర్చుంటే గాలి తగుల్తాదా, ఎనక కూర్చుంటే తగుల్తాదా?”

“ముందర కూర్చుంటేనే.”

“మనూరు యాడుండాది?”

బయ్యన్న గుట్ట వైపు చూశాడు. ఊరు వైపు చూశాడు.

“ముందరే ఉండాది.”

“అవతలి గుట్ట ఫ్యాన్లకు మనం ఎనకపడినాం. అందుకే మోడాలు అట్ల పోయినాయి. ఈ గుట్ట మీద పెడితే పడమటి మోడమంతా మన మీదికే తోస్తాది.”

బయ్యన్న తలూపాడు. తర్వాత లక్ష్మీదేవమ్మ లేచింది.

“లారీ యాడుంది పాపా? త్వరగా రమ్మను” అంది.

నందిని రామాంజులును పక్కకు పిలిచింది.

“ఇదంతా మీరు నిజంగా నమ్ముతున్నారా?”

“నా నమ్మకంతో పనేముంది మేడమ్? లారీ పోతాండాది గదా.”

రెక్కలు గుట్టెక్కాయి. నాలుగు దినాలకే గుట్టకు పడమటనున్న వంకదారిపల్లి వాళ్లు ట్రాక్టరు కట్టుకొని వచ్చి గొడవకు దిగారు. వాళ్లు ఫ్యానుకు వెనక పడ్డారట. రామాంజులు ఆ ఊరికి పోయి, ఫ్యాను గాలిని వెనక నుంచే పీల్చుకుంటుంది కాబట్టి మేఘం ముందు వాళ్ల మీదుగానే రావాలని చెప్పి వచ్చాడు. తమకు ఇంకో రెండు కావాలని వాళ్లు అర్జీ పెట్టుకున్నారు.

“రెండూ ఎలా నిజమవుతాయండీ?” అంది నందిని.

“ఆ రెండూళ్లకూ మాటల్లేవు మేడమ్.”

ఆ నెలాఖరుకు వాన పడింది. పెద్దదేం కాదు, విత్తనానికి సరిపోయేంత. లక్ష్మీదేవమ్మ తడుస్తూనే చేనికి పోయింది. దారిలో నందిని చేతులు పట్టుకొని, “నీ ఫ్యాను సల్లగుండ” అంది. ఆ ముఖంలో నవ్వు చూడటం నందినికి అదే మొదటిసారి. సంతోషించాలో సిగ్గుపడాలో తేల్చుకోలేక గొడుగు ఆమె చేతికిచ్చింది.

బెంగళూరు నుంచి మేనేజరు ఫోను చేశాడు. రామాంజులును కంపెనీ సలహాదారుగా వేసుకుంటున్నామన్నాడు.

“పూర్వానుభవం ఏమని చెప్పాలి?”

“గొర్రెలు కాస్తారు సార్.”

“అది కాకుండా.”

నందిని రామాంజులును వెతుక్కుంటూ గుట్ట కిందికి వెళ్లింది. మంద మధ్యలో ఆయన ఒక పిల్లకు కాలిముల్లు తీస్తున్నాడు.

“వచ్చే ఏడు వాన పడకపోతే ఏం చెబుతారు?” అంది, రాగానే.

“ఫ్యాను సరింగా తిరగలేదంటా. రిపేరు మీ పని గదా.”

“వాళ్లకు నిజమే చెప్పొచ్చు కదండీ?”

“ఊరికొచ్చిన కొత్తలో చెప్పినా. ఫ్యానుకూ మోడానికీ సంబంధం లేదన్నా. నీకేం తెలుసని నవ్వినారు.”

మేనేజరు అడిగిన సంగతి గుర్తొచ్చింది నందినికి.

“ఇంతకూ మీరు ఊరికి రాకముందు ఎక్కడ పనిచేశారు?”

రామాంజులు ముల్లు తీసి పారేసి, పిల్లను వదిలిపెట్టాడు.

“వాతావరణ కేంద్రంలో, మేడమ్.”