పెద్దాయన బదులు

బంకరు స్టోరు చూసుకునే ఆవిడ ఆ ఉదయం హ్యాండ్‌బ్యాగులో నేరం ఒప్పుకోలు కాగితం పెట్టుకుని డ్యూటీకి తయారైంది. నేరం ఆవిడదే. సంతకం మాత్రం వేరొకరి చేత పెట్టించాలి.

శత్రువు క్షిపణులు వదిలితే ప్రభుత్వ పెద్దలందరినీ ఇరవై నిమిషాల్లో భూమి కిందున్న బంకరులోకి చేర్చాలి. అందుకని ఆరు నెలలకోసారి సైరన్ మోగించి రిహార్సల్ చేస్తారు. బంకరు స్టోర్లో నీళ్లు, మందులు, దుప్పట్లతో పాటు పెద్దలకు నీరసం రాకుండా ఖరీదైన చాక్లెట్ డబ్బాలు కూడా ఉంటాయి. ఇప్పటికి పదకొండు రిహార్సళ్లయ్యాయి. పదకొండు డబ్బాలు ఆవిడ ఇంటికి చేరాయి. ఇవాళ పన్నెండోది, రేపు తనిఖీ. దొరికిందంటే ఉద్యోగం ఊడుతుంది, క్వార్టరు ఖాళీ చేయాలి. ఆ డబ్బాల్లో సగం ఖాళీ చేసిన అత్తగారే అందరికంటే ముందు దెప్పుతుంది.

"పాపం, ఆ అటెండరు బాబాయ్ మీదకి తోసేస్తావా?" అన్నాడు మొగుడు, చాక్లెట్ చప్పరిస్తూనే.

"దేశాన్నేలే పెద్దాయనకి అటెండరండీ ఆయన! నాలుగు తిట్టి వదిలేస్తారు. నన్నైతే వీధిలో నిలబెడతారు. అయినా తినేటప్పుడు లేని జాలి ఇప్పుడెందుకు మీకు?"

మొగుడు డబ్బాలోంచి ఇంకొకటి తీసుకున్నాడు. నోట్లోది ఇంకా అయిపోనేలేదు.

రిహార్సళ్లకు అసలు పెద్దలెవరూ రారు. వాళ్లకు తీరికెక్కడిది! ఒక్కొక్కరి బదులు వాళ్ల అటెండరు మెడలో ఆ పదవి కార్డు వేలాడదీసుకుని పరిగెత్తుతాడు. పెద్దాయన బదులు వచ్చేది ఈ బాబాయ్. తీపి కనబడితే ఆ మనిషి చెయ్యి ఆగదని ఆఫీసులో అందరూ ఎరుగుదురు.

పదకొండింటికి సైరన్ మోగింది. అందరూ ఒకేలాంటి నీలం దుస్తుల్లో, ముఖమంతా కప్పేసే మాస్కుల్లో బిలబిలమంటూ దిగారు. ప్రమాదం తప్పిందని రెండో సైరన్ మోగేదాకా మాస్కు తీయకూడదు. మెడలో 'పెద్దాయన' కార్డున్న మనిషి ఆయాసపడుతూ పెద్దాయన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అక్కడ బల్ల మీద మూత తీసిన చాక్లెట్ డబ్బా సిద్ధంగా ఉంది. ఎవరు పెట్టారో చెప్పక్కర్లేదు.

పది నిమిషాలాగి ఆవిడ తలుపు తోసింది. ఆ మనిషి గోడవైపు తిరిగి, మాస్కు అంచు ముక్కుదాకా ఎత్తి గబగబా నములుతున్నాడు. అలికిడికి ఉలిక్కిపడి మాస్కు కిందికి లాక్కున్నాడు.

"దొరికావు బాబాయ్!"

"నెమ్మదిగా తల్లీ! డాక్టరు చక్కెర ముట్టొద్దన్నాడు. మా ఆవిడకి తెలిస్తే కొంప మునుగుతుంది." మాస్కులోంచి గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"పిన్నికి చెప్పన్లే. ఇదిగో, దీనిమీద సంతకం పెట్టు చాలు."

ఆయన కాగితం వెలుతురుకి పట్టుకుని చదివాడు. "పన్నెండు రిహార్సళ్లకీ వచ్చి, పన్నెండు డబ్బాలూ నేనే తిన్నానా? తిన్నది ఈ ఒక్కటేగా!"

"ఒకటి తిన్నవాడు పన్నెండు తినలేదంటే నమ్ముతారా? పెడతావా, పిన్నికి ఫోన్ చేయమంటావా?"

"వద్దొద్దు! అయితే అన్నింటికీ వచ్చింది నేనే అంటావు?"

"నువ్వు కాకపోతే పెద్దాయన వచ్చాడా? ఆయనగారికి బంకరు ఏ దిక్కునుందో కూడా తెలీదు. నిజంగా బాంబులు పడితే దారడుక్కుంటూ వస్తాడు."

మాస్కు లోపల పొలమారింది కాబోలు, ఆయన భుజాలు కాసేపు ఊగాయి. తర్వాత పెన్ను తీసుకుని బుద్ధిగా సంతకం పెట్టాడు. ఆవిడ సంతకం వైపు చూడకుండానే కాగితం మడిచి బ్యాగులో వేసుకుని హమ్మయ్య అనుకుంది. పాపం బాబాయ్ అని ఒక్క క్షణం మనసు చివుక్కుమంది గానీ, క్వార్టరు గుర్తొచ్చి సర్దుకుంది.

రెండో సైరన్ మోగింది. భద్రతాధికారి పరిగెత్తుకొచ్చి, బూట్లు టకీమనిపించి సెల్యూట్ కొట్టాడు.

ఈ అటెండరుకి సెల్యూటేమిటని ఆవిడకి నవ్వొచ్చింది.

"సార్, అటెండరుకి సెలవిచ్చి, మాక్కూడా చెప్పకుండా మీరే వచ్చేశారా! ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి సార్!"

ఆ మనిషి మాస్కు తీశాడు. ప్రతి ఆఫీసు గోడ మీదా ఫొటోలో కనిపించే ముఖమే అది. మూతికి మాత్రం చాక్లెట్ అంటుకుంది.

"మొదటిసారేనయ్యా," అన్నాడు పెద్దాయన మూతి తుడుచుకుంటూ, "కానీ నేను పన్నెండుసార్లు వచ్చినట్టు నా సంతకంతో ఈవిడ బ్యాగులో కాగితం ఉంది, చూడు."