బూందీగాడి నీళ్ళు

పుట్టలన్నీ అపార్ట్‌మెంట్ల కిందికి పోయాక, ఎలుకలు పట్టడానికి ఇంటింటా కార్న్ స్నేకులనే విషంలేని పెంపుడు పాములు వెలిశాయి. నాగులచవితి పొద్దున్నే అత్తగారు కాంతామణి పాలచెంబుతో కొత్తకోడలు లాస్య ముందు నిలబడ్డారు.

"వద్దత్తయ్యా, పాలు పడవు, జబ్బు చేస్తుంది. మా బూందీగాడు నీళ్ళే తాగుతాడు," అంది లాస్య, పెంపుడు పామును గుండెకు హత్తుకుని.

"పాలు ముట్టని పాముకు ఎలా మొక్కనే? నీ మొగుడి క్షేమం కోసమేగా!"

ఈలోగా బూందీ లాస్య చేతుల్లోంచి జారి, తన నీళ్ళగిన్నెలో చుట్టలు చుట్టుకుని హాయిగా నానాడు. ఆ నీళ్ళలోనే మూతి ముంచి గుటకలేశాడు.

"ఛీఛీ! ఒళ్ళు కడుక్కున్న నీళ్ళే తాగుతున్నాడే!"

"దేవుడికి స్నానం చేయించిన నీళ్ళు మనమూ తాగుతాంగా, అత్తయ్యా?"

కాంతామణి చెంబు కింద పెట్టి, కొంగు సర్దుకుని కుడి అరచెయ్యి చాపారు.

"అయితే నాకో ఉద్ధరిణెడు పోయవే. ఆ పాలతో కాఫీ పెట్టు."