ఏడో ఆవు

“ఆరే రాసెయ్యి తల్లీ,” అన్నాడు పాలతాత మూడోసారి.

పశువుల ఆఫీసు గుమాస్తా రాయకుండా ఆయన వంక చూసింది. మహమ్మారి రోజుల్లో పాలు కొనే దిక్కులేక నష్టపోయిన రైతులకు ప్రభుత్వం ఆవుకింతని సాయం ఇస్తోంది. పొద్దుట్నుంచి ఆమె తొమ్మిది పాకలు తిరిగింది. నాలుగు ఆవులున్నవాళ్లు ఆరంటున్నారు, పక్కింటి ఆవుల్ని కూడా తోలుకొచ్చి కట్టేస్తున్నారు. ఉన్నదాన్ని తగ్గించి చెప్పే మహానుభావుడు ఈయనొక్కడే.

“మీ పాకలో ఆరున్నాయి, సరే. ఏడోది టీచరమ్మగారి పాకలో ఉందిగా?”

“దానికి సాయం అక్కర్లేదులే. చుక్క పాలివ్వదు.”

“అలా కుదరదు తాతా. లాక్‌డౌన్‌లో బయట తిరగడానికిచ్చిన పాసుల పుస్తకంలో ఏడని నా చేత్తోనే రాశాను. తేడా వస్తే పైవాళ్లు మీ దరఖాస్తు మొత్తం వెనక్కి పంపేస్తారు. ఇవాళే ఆఖరు రోజు.”

పాలతాత తల గోక్కున్నాడు. ఆయన పాక మీద సగం రేకులు గాలికి లేచిపోయాయి. ఈ సాయం అందకపోతే వచ్చే వానలకు ఆవులన్నీ తడవాల్సిందేనని ఇద్దరికీ తెలుసు.

ఆ పాసు సంగతి ఆమెకు బాగా గుర్తుంది. పశువుల పని ఉన్నవాళ్లు తప్ప ఎవరూ గడప దాటకూడదన్న రోజులవి. ఏడో ఆవుకు కాలు బాగాలేదనీ, పక్క పొలంలో ఇల్లు కట్టుకున్న టీచరమ్మ పాక ఖాళీగా ఉంటే అందులో ఉంచాననీ, రోజూ రెండు పూటలా వెళ్లి చూసుకోవాలనీ ఈయన ఆఫీసు కిటికీ అవతల నిలబడి బతిమాలాడు. భార్య పోయాక ఎనిమిదేళ్లుగా ఒక్కడే ఉంటున్న మనిషి, ఆవులే ప్రాణం కాబోలు అనుకుని ముద్ర వేసి ఇచ్చేసింది.

“పదండి, ఒకసారి చూసి రాసేస్తాను. రెండు నిమిషాల పని.”

“ఇప్పుడా? అది పడుకునే వేళ.”

“పడుకున్నా లెక్కలోకొస్తుంది.”

ఇక తప్పదనుకుని పాలతాత లోపలికెళ్లాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని మరీ వచ్చాడు.

“ఆవు దగ్గరికి ఇస్త్రీ చొక్కా ఏమిటి తాతా?”

“దానికి శుభ్రం ఎక్కువ,” అన్నాడాయన నేల చూపులు చూస్తూ.

బడి ఉద్యోగం నుంచి రిటైరై కూరగాయలు పండించుకుంటున్న టీచరమ్మ, టమాటా మొక్కల మధ్య నుంచి లేచి వచ్చింది. ఆవిడ కుక్క గుమాస్తాను చూసి ఇల్లెగిరిపోయేలా మొరిగింది. పాలతాత “ఊరుకో” అనగానే తోకాడిస్తూ ఆయన కాళ్ల దగ్గర పడుకుంది.

“ఏడో ఆవును చూడాలట,” అన్నాడాయన గొంతు సవరించుకుని.

టీచరమ్మ చేతుల మట్టి దులుపుకుంది. “ఇప్పుడే దానికి కునుకు పట్టింది. ముందు టీ తాగండి.”

పాలతాతకు అడక్కుండానే చక్కెర లేని టీ ఇచ్చింది. గుమాస్తా తన గ్లాసు ఖాళీ చేసి, ఎవరూ దారి చూపించేలా లేరని తనే పెరట్లోని పాక వైపు నడిచింది. వాళ్లిద్దరూ పరీక్ష ఫలితాల కోసం చూసే పిల్లల్లా వరండాలోనే కూర్చుండిపోయారు. ఆమె పాక తలుపు తీసి, కాసేపు అలాగే నిలబడి, చప్పుడు కాకుండా మూసింది.

తిరిగొచ్చి కాగితం మీద ఆరు వేసింది. దాని కింద ‘పాసుల పుస్తకంలో ఏడని రాయడం నా పొరపాటు’ అని రాసి సంతకం పెట్టింది.

“నీకు మాటొస్తుందేమో తల్లీ,” అన్నాడు పాలతాత.

“వస్తే పడతాను.” ఆ ఇద్దరి మీదా ఆమెకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

“మరి... ఆవు?” అంది టీచరమ్మ మెల్లగా.

“జబ్బేమీ లేదు. ఒంటరిగా మాత్రం ఉంచకండి.”

గడ్డిపరకైనా లేని ఆ పాకలో ఎదురెదురుగా రెండు కుర్చీలున్నాయి.