వ్యాసంలో నల్లి

ఎదురింటావిడ కూరగాయల బండి దగ్గర అందట: "ఆ మేడమీది కోడలికి నెలనెలా జీతమిచ్చేది ఎవడితోనో పోట్లాడినందుకట. ఇన్నేళ్లూ ఇంట్లో అత్తతో ఊరికే పోట్లాడాం, మనమెంత వెర్రివాళ్లం."

అందులో సగం నిజం.

కోడలు పనిచేసేది ఒక పెద్ద దుకాణాల సంస్థలో. సబ్బుబిళ్ల నుంచి సోఫా దాకా, మందుబిళ్ల నుంచి మంచం దాకా అమ్మే సంస్థ. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, అందులో ఈ సంస్థ మీద కూడా ఒక వ్యాసం ఉంది. దాన్ని బాగుచేయించడం ఆమె పని. జీతం తీసుకునే మనిషి కాబట్టి తనే వ్యాసంలో వేలు పెట్టకూడదు, అది అక్కడి నియమం. ఫలానా వాక్యం తప్పు, ఇదిగో ఆధారం అని చర్చాపేజీలో విన్నవించుకోవాలి. నిర్వాహకులు తీరిక చూసుకుని దిద్దుతారు. కూరలో ఉప్పెక్కువైందని కొత్త కోడలు అత్తగారికి చెప్పినంత ఒద్దికగా చెప్పాలి.

మొదటి కాంట్రాక్టు మూడు నెలలకే. అది రేపో మాపో ముగుస్తుందనగా నల్లి ఊడిపడ్డాడు.

నల్లి అన్నది కోడలు పెట్టిన పేరే. వాడికి పేరు లేదు. పేరుండాల్సిన చోట వట్టి అంకెలు. కనపడడు, కుట్టడం మానడు. సంస్థ ఘనచరిత్ర మధ్యలో దూరి ఒక వాక్యం రాసిపోయాడు: "ఈ దుకాణాల్లో తోపుడు బండి ఎటు తోసినా ఎడమకే పోతుంది."

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "ఎవడమ్మా వీడు? వీడి సంగతి తేల్చేదాకా నువ్వు కదలడానికి వీల్లేదు" అని కాంట్రాక్టు పొడిగించాడు. "నీవల్ల కాదంటే చెప్పు, ఇంకొకరిని చూసుకుంటాం" అని కూడా అన్నాడు.

కోడలికి అన్నం సహించడం మానేసింది. మొగుడు పనిచేసే అచ్చాఫీసు మూతపడింది. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, అత్తగారి మోకాళ్ల మందులు, అన్నీ ఆ ఒక్క జీతం మీదే నడుస్తున్నాయి.

నల్లి ఆగలేదు. "బిల్లు కౌంటర్లు బారుగా ఉంటాయి, కూర్చునే మనుషులు మాత్రం ఇద్దరే." ఆధారం లేదు, కోడలు తీయించింది. "వెన్న ఎక్కడుందో అక్కడ పనిచేసేవాళ్లకే తెలియదు." అదీ తీయించింది. ఒకసారి ఏకంగా సంస్థ పుట్టిన సంవత్సరమే మార్చేశాడు. తప్పని నిరూపించడానికి కోడలు పాత పత్రికలన్నీ తిరగేసింది. తీరా చూస్తే నల్లి రాసిందీ తప్పే, సంస్థ చెప్పుకుంటున్నదీ తప్పే. అసలు సంవత్సరం వేరే. అలా నల్లి కుట్టినకొద్దీ వ్యాసం నిగ్గుతేలుతూ వచ్చింది.

సాయంత్రం భోజనాల దగ్గర ఇంట్లో ఇదే కథ.

"ఇవాళ ఏం రాశాడే?" అని అత్తగారు అడిగేది, సీరియల్ మిగతా భాగం అడిగినట్టు.

"రాయితీ అని పసుపు చీటీ అంటిస్తారట, దాన్ని గీకితే కింద పాత ధరే ఉంటుందట."

మొగుడు పొలమారేదాకా నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. "అందులో అబద్ధమేముందిరా? నేను గీకి చూశాగా."

"మీరు కూడా వాడి పక్షమేనా అత్తయ్యా? వాడి మూలంగా నా ఉద్యోగం ఊడేలా ఉంది."

"ఊడదులేవే. ముందు నువ్వు ముద్ద నోట్లో పెట్టు."

ఒకసారి కోడలు జ్వరంతో వారం పాటు మంచమెక్కింది. అత్తగారు గడప దాటకుండా గంజి కాచి పోసింది. ఆ వారం నల్లి కిక్కురుమనలేదు. "వాడికీ జ్వరం తగిలిందేమో" అన్నాడు మొగుడు.

కోడలు లేచి ఆఫీసుకు వెళ్లింది. అత్తగారు కూడా మళ్లీ మధ్యాహ్నాలు గ్రంథాలయానికి బయల్దేరింది. అక్కడ ఏసీ ఉంది, ఎవరైనా వాడుకునే కంప్యూటర్లున్నాయి, మోకాళ్లకు నడకా అవుతుంది. ఎదురింటావిడ తోడొస్తానంది గానీ, "అక్కడ మాట్లాడకూడదు, నీవల్ల కాదు" అని అత్తగారు వదిలించుకుంది. అన్నట్టు, నల్లికీ జ్వరం తగ్గినట్టుంది, ఆ రోజే మళ్లీ కుట్టాడు.

ఇక కోడలికి ఓపిక పోయింది. నల్లి రాతలన్నీ పోగేసి, ఒక్కోదాని పక్కన తేదీ వేసి, నిర్వాహకుల ముందు పెట్టింది. వాళ్లు చూశారు, చర్చించారు, ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం ఆమె ఐస్‌క్రీం డబ్బాతో ఇంటికొచ్చింది. చెప్పులు విడుస్తూనే మొదలెట్టింది.

"పీడ వదిలింది. వ్యాసానికి తాళం వేయించాను. పేరు లేకుండా వచ్చేవాళ్లు ఇక ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేరు. మా మేనేజరు అయితే చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇక గొడవే లేదు, రేపొకసారి వచ్చి కనపడమన్నాడు."

"జీతం పెంచుతాడేమో" అన్నాడు మొగుడు, గిన్నెలు తెచ్చి ముందు పెట్టుకుంటూ.

"పెంచకేం చేస్తాడు? ఇన్ని నెలలు ఆ నల్లితో వేగాను."

అత్తగారు గరిటె కింద పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. కోడలి ముఖంలోకి చూసింది.

"నేను రాసినన్నాళ్లే కదే నీకు పని, నా చేతికే తాళం వేయించి వచ్చావా?"